కబురు రాలేదంటే నీళ్లు రాలేదని కాదు

పోయిన సంచిక విడుదలైన రెండో రోజు. క్యాంటీన్ దగ్గర ఒక ఫస్టియర్ అమ్మాయి నన్ను ఆపింది. "అన్నా, నా కథ బాగోలేకపోతే బాగోలేదని చెప్పొచ్చుగా! కనీసం ఒక్క మాటైనా చెప్పరా?" అంది.

ఏ కథో నాకు అర్థం కాలేదు. వచ్చిన రచనల జాబితాలో ఆ అమ్మాయి పేరే లేదు. ఆ మాటే చెప్పాను. నమ్మినట్టు లేదు. "పెన్‌డ్రైవ్ తెచ్చి క్లబ్ గదిలో కంప్యూటర్లో నేనే వేశాను కదన్నా" అనేసి వెళ్లిపోయింది.

సాయంత్రం వెళ్లి చూస్తే నిజమే. రచనలు వేసే ఫోల్డర్లో ఆ అమ్మాయి పేరుతో ఇంకో ఫోల్డర్ ఉంది. అందులో కథ ఉంది. కథకి తనే వేసుకున్న బొమ్మ కూడా ఉంది. గడువుకి నాలుగు రోజుల ముందు తేదీ. మాలో ఎవరమూ ఆ ఫోల్డర్ తెరిచి చూడలేదు. ఎందుకంటే, "కొత్త రచన రాగానే మాకు చెప్పు" అని ఒక ప్రోగ్రామ్‌కి పని అప్పజెప్పాం. ఆ ప్రోగ్రామ్ రాసింది నేను. అది చెప్పలేదు కాబట్టి రచన రాలేదనుకున్నాం.

ఆ తప్పు ఎక్కడ జరిగిందో వెతుకుతూ నేర్చుకున్నదే ఈ వ్యాసం. సీఎస్ఈ వాళ్లే కాదు, సివిల్, మెకానికల్ వాళ్లు కూడా చదవొచ్చు. కాలవలూ లాకులూ తెలిసిన వాళ్లకైతే సగం ముందే తెలుసు.

సైకిల్ మీద తాతయ్య

మా తాతయ్యకి బందరు కాలవ శివారులో రెండెకరాలు. సార్వా నాట్లప్పుడు శివారు రైతుకి ఒకటే బెంగ, నీళ్లు. పైన ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలవకి వదిలారని పేపర్లో చదువుతాం. కానీ దారిలో ఉన్న పొలాలన్నీ తడిసి శివారుకి చేరేది ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. అందుకని తాతయ్య రోజుకి నాలుగుసార్లు సైకిలేసుకుని లాకు దాకా వెళ్లి చూసొచ్చేవాడు. మూడుసార్లు ఊరికే తిరిగొచ్చేవాడు. అర్ధరాత్రి నీళ్లొస్తే తెల్లారేదాకా తెలిసేది కాదు.

కంప్యూటర్లో దీన్నే పోలింగ్ అంటారు. ప్రోగ్రామ్ నిమిషానికోసారి ఫోల్డర్లోకి వెళ్లి ఒక్కో ఫైల్ తేదీ, సైజు చూసి, పోయినసారి రాసుకున్న లెక్కతో పోల్చుకుంటుంది. పది ఫైళ్లుంటే ఫర్వాలేదు. లక్ష ఫైళ్లుంటే ఏమీ మారకపోయినా ప్రతి నిమిషం లక్షసార్లు అడగాలి. అడగడానికే టైమంతా పోతుంది. రెండు చూపుల మధ్య ఒక ఫైల్ పుట్టి మాయమైపోతే, అసలు అలాంటిది ఉందన్న సంగతే తెలీదు.

కొన్నాళ్లకి తాతయ్య లస్కరు ఫోన్ నంబరు సంపాదించాడు. లస్కరంటే కాలవ గట్టున కాపలా ఉండి, లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే మనిషి. "అబ్బాయ్, నీళ్లొదలగానే ఒక ఫోన్ కొట్టు" అని చెప్పి తాతయ్య ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాడు.

ఊళ్లో ఇంతమంది ఉండగా లస్కరుకే ఎందుకు చెప్పాలి? తలుపు ఎత్తేది అతనే కాబట్టి. నీళ్లు అతని చెయ్యి దాటి రావాల్సిందే. అతనికి తెలియకుండా ఆ లాకులోంచి చుక్క నీరు రాదు.

కంప్యూటర్లో ఆ లస్కరు కెర్నెల్.

కెర్నెల్‌కే ముందు తెలుస్తుంది

మనం వాడే ఏ ప్రోగ్రామైనా సరే, ఎడిటర్ కానీ బ్రౌజర్ కానీ, డిస్క్ మీద సొంతంగా ఏమీ రాయలేదు. ఫైల్ తెరవాలన్నా, రాయాలన్నా, మూయాలన్నా, పేరు మార్చాలన్నా సిస్టమ్ కాల్ ద్వారా కెర్నెల్‌ని అడగాలి. ఆ పని చేసిపెట్టేది కెర్నెల్. కాబట్టి ఒక ఫైల్ మారిందని అందరికంటే ముందు తెలిసేది దానికే. అలాంటప్పుడు డిస్క్ చుట్టూ తిరగడం దేనికి? కెర్నెల్‌నే "మారినప్పుడు చెప్పు" అంటే పోలా!

లినక్స్‌లో ఇలా అడిగే ఏర్పాటు పేరు ఐనోటిఫై. జాన్ మెక్‌కచన్, రాబర్ట్ లవ్ దీన్ని రాశారు. 2005 ఆగస్టులో వచ్చిన 2.6.13 కెర్నెల్‌తో అందరికీ అందింది. అంతకుముందు 2.4 కాలం నుంచీ డీనోటిఫై అని ఒకటి ఉండేది. దాంతో ఇబ్బందులెక్కువ. ఏ ఫోల్డర్‌ని కనిపెట్టాలో దాన్ని తెరిచి పట్టుకునే ఉండాలి. అది పెన్‌డ్రైవ్‌లో ఉంటే, పెన్‌డ్రైవ్‌ని అన్‌మౌంట్ చెయ్యనివ్వదు. పైగా "ఈ ఫోల్డర్లో ఏదో మారింది" అని ఒక సిగ్నల్ పంపి ఊరుకునేది. ఏ ఫైల్ మారిందో మళ్లీ మనమే వెతుక్కోవాలి. లస్కరు ఫోన్ చేసి "ఎక్కడో నీళ్లొచ్చాయి" అని పెట్టేసినట్టు.

ఐనోటిఫైలో పని మూడు మెట్లు.

మొదటిది ఐనోటిఫై ఇనిట్. "నాకు కబుర్లు కావాలి" అని కెర్నెల్‌కి చెప్పడం. కెర్నెల్ మన పేరు మీద ఒక క్యూ తెరిచి, దానికొక నంబరు ఇస్తుంది. ఈ నంబరు మామూలు ఫైల్ డిస్క్రిప్టరే. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో చూసిందే.

రెండోది యాడ్ వాచ్. "ఫలానా ఫోల్డర్ మీద కన్నేసి ఉంచు, ఫలానా రకం మార్పులైతేనే చెప్పు" అనడం. ఏ రకం అన్నదాన్ని మాస్క్ అంటారు. ఫైల్ పుట్టడం, మారడం, పోవడం, పేరు మారడం, రాయడానికి తెరిచిన ఫైల్‌ని మూసెయ్యడం, ఇలా ఒక్కోదానికి ఒక్కో బిట్. మాస్క్ ఎందుకంటే, ప్రతి అలికిడికీ లేపితే ఎవరూ పని చేసుకోలేరు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కూడా వరద పెరిగిన ప్రతిసారీ హెచ్చరిక ఇవ్వరు. 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకి రెండో హెచ్చరిక. దేనికి కదలాలో ముందే అనుకుని పెట్టుకున్న గీతలవి.

మూడోది రీడ్. క్యూ నంబరు మీద రీడ్ అని పిలిచి కూర్చోవడం. కబురేదీ లేకపోతే కెర్నెల్ మన ప్రోగ్రామ్‌ని నిద్రపుచ్చుతుంది. ఆ నిద్రలో సీపీయూ ఖర్చేమీ లేదు.

ఇప్పుడు ఎవరో ఆ ఫోల్డర్లో ఒక ఫైల్ పెట్టారనుకుందాం. ఆ పని చేస్తున్న కెర్నెల్, తన దారిలోనే ఆ ఫోల్డర్ ఐనోడ్ దగ్గర ఆగి చూస్తుంది. ఎవరైనా ఇక్కడ గుర్తు పెట్టి వెళ్లారా? పెట్టారు. వాళ్ల మాస్క్‌లో ఈ రకం ఉందా? ఉంది. వెంటనే ఒక చిన్న చీటీ రాసి మన క్యూలో వేసి, మన ప్రోగ్రామ్‌ని నిద్రలేపుతుంది. చీటీలో ఏ వాచ్, ఏ రకం మార్పు, ఫైల్ పేరేంటి అన్నవి ఉంటాయి. పేరు మార్పు అయితే పాత పేరుకొకటి, కొత్త పేరుకొకటి రెండు చీటీలొస్తాయి. అవి రెండూ ఒక జతే అని తెలియడానికి రెండిటి మీదా ఒకే కుకీ నంబరు వేస్తుంది.

తెలుగు వాళ్లకి ఇక్కడో చిన్న ముచ్చట. చీటీలో వచ్చే ఫైల్ పేరు కెర్నెల్‌కి ఉత్త బైట్ల వరసే. తెలుగా ఇంగ్లిషా అని దానికి పట్టింపు లేదు. యూటీఎఫ్-8లో మన అక్షరాలు, గుణింతపు గుర్తులు, పొల్లు అన్నీ ఒక్కోటి మూడు బైట్లు. "కృష్ణమ్మ" అని కంటికి మూడక్షరాలే కనిపిస్తాయి కానీ లోపల ఎనిమిది గుర్తులు, అంటే 24 బైట్లు. లినక్స్‌లో మామూలుగా ఒక ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. అంటే తెలుగు గుర్తులు 85 మాత్రమే. కవిత మొదటి పాదాన్నే ఫైల్ పేరుగా పెట్టే మన కవి మిత్రులు గమనించగలరు.

సగం కథలు

మా స్క్రిప్ట్ పని చిన్నదే. రచన రాగానే దాన్ని పత్రిక ఫార్మాట్‌లోకి మార్చి, జాబితాలో పేరు రాసి, మా గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాలి. మొదటి వారంలోనే ఒక వింత. పెద్ద వ్యాసాలు సగం సగం వచ్చేవి. ఒక వ్యాసమైతే వాక్యం మధ్యలో ఆగిపోయింది. రాసినవాడు "ఆధునిక శైలి" కోసం అలా వదిలేశాడేమో అని మేం కాసేపు చర్చించుకున్నాం కూడా!

అసలు సంగతేంటంటే, నేను మాస్క్‌లో "ఫైల్ మారినప్పుడు చెప్పు" అని పెట్టా. పెద్ద ఫైల్‌ని కాపీ చేసే ప్రోగ్రామ్ దాన్ని ఒక్కసారిగా రాయదు, ముక్కలు ముక్కలుగా రాస్తుంది. మొదటి ముక్క పడగానే కెర్నెల్ కబురు పంపింది. నా స్క్రిప్ట్ పరుగెత్తుకెళ్లి అప్పటికున్న ముక్కనే చదివేసింది. కెర్నెల్ అబద్ధం చెప్పలేదు, మారిందన్నమాట నిజమే. నేను అడగాల్సింది "రాయడం అయిపోయి మూశారా?" అని. దానికి క్లోజ్ రైట్ అని వేరే రకం ఉంది. అది పెట్టాక సగం కథల బాధ తీరింది.

దాంతోపాటు ఇంకోటి కూడా పెట్టాలి. ఆర్‌సింక్ లాంటి ప్రోగ్రామ్‌లు ముందు ఒక తాత్కాలిక పేరుతో రాసి, అంతా అయ్యాక అసలు పేరుకి మారుస్తాయి. అలాంటి ఫైళ్లు అసలు పేరుతో కనబడేది "మూవ్డ్ టు" అనే కబురులో. అది కూడా మాస్క్‌లో లేకపోతే తాత్కాలిక పేరే మన చేతికొస్తుంది.

ఆ కథ ఎక్కడ జారిపోయింది

ఇక అసలు విషయానికొద్దాం. ఐనోటిఫై వాచ్ ఒక్క ఫోల్డర్‌కే. దాని లోపలి ఫోల్డర్లకి వర్తించదు. ఒక లాకు లస్కరుకి ఫోన్ నంబరు ఇస్తే పిల్లకాలవల సంగతి అతను చెప్పడు కదా. లోపలి ప్రతి ఫోల్డర్‌కీ విడిగా వాచ్ పెట్టుకోవాలి. ఇది నాకు తెలుసు. అందుకే స్క్రిప్ట్‌లో రాశా: కొత్త ఫోల్డర్ పుట్టిందని కబురొస్తే, వెంటనే దాని మీద కూడా వాచ్ పెట్టు. టెస్ట్ కూడా చేశా. ఒక ఫోల్డర్ సృష్టించి, తర్వాత అందులో ఒక ఫైల్ వేశా. చక్కగా కబురొచ్చింది. అయిపోయిందనుకున్నా.

ఆ అమ్మాయి మాత్రం పెన్‌డ్రైవ్‌లోంచి ఫోల్డర్‌కి ఫోల్డరే కాపీ చేసింది. అప్పటిదాకా అందరూ విడి ఫైళ్లే వేశారు. కాపీ చేసే ప్రోగ్రామ్ ఫోల్డర్ సృష్టించిన మరుక్షణమే అందులో కథ ఫైల్ రాసేసి మూసేసింది. కథ ఎంత, కొన్ని కిలోబైట్లు. ఈలోగా నా స్క్రిప్ట్ నిద్రలేచి, "ఓహో, కొత్త ఫోల్డర్" అని చదువుకుని, దాని మీద వాచ్ పెట్టేసరికి కథ లోపలికి వెళ్లి కూర్చుంది. వాచ్ పెట్టకముందు జరిగినవాటికి కబుర్లు రావు. లస్కరుకి మనం నంబరు ఇవ్వకముందే వదిలిన నీళ్లకి అతను ఫోన్ చెయ్యడు.

ఈ సంగతి లాగ్ చూస్తే తెలిసింది. ఫోల్డర్ పుట్టిన కబురుంది. కథ కబురు లేదు. కానీ బొమ్మ ఫైల్ కబురుంది! బొమ్మ పెద్ద ఫైల్ కాబట్టి కాపీ అయ్యేసరికి వాచ్ పడింది. మరి స్క్రిప్ట్ ఎందుకు పలకలేదు? బొమ్మలు వస్తే పట్టించుకోవద్దని నేనే దానికి చెప్పా. బొమ్మ వచ్చి తలుపు కొట్టింది, మేమే తియ్యలేదు.

మందు ఏంటంటే, వాచ్ పెట్టిన వెంటనే ఆ ఫోల్డర్ లోపలికి వెళ్లి ఒకసారి మన కళ్లతో చూడాలి. ముందు వాచ్, తర్వాత చూపు. ఈ వరస మారకూడదు. ముందు చూసి తర్వాత వాచ్ పెడితే, ఆ రెండిటి మధ్య వచ్చింది మళ్లీ జారిపోతుంది. ఈ వరసలో చేస్తే ఒకే ఫైల్ రెండుసార్లు కనబడొచ్చు. కనబడనీండి. చూసినదాన్నే రెండోసారి చూడటం వల్ల నష్టం లేదు, వదిలేస్తేనే నష్టం.

ఇంకా ఎక్కడెక్కడ జారతాయి

ఆ రోజు నుంచి ఐనోటిఫై మాన్యువల్ మొత్తం చదివా. దాని పరిమితులు దాచిపెట్టినవేమీ కాదు, నేను చదవకపోవడమే తప్పు.

క్యూకి ఒక హద్దుంది. సాధారణంగా 16,384 చీటీలు. మన ప్రోగ్రామ్ చదవడంలో వెనకబడి క్యూ నిండిపోతే, ఆ పైన వచ్చినవి పారేస్తుంది. పారేసేముందు "ఓవర్‌ఫ్లో అయింది" అని ఒక్క చీటీ వేస్తుంది. ఏవి పోయాయో చెప్పదు. ఆ చీటీ చూసిన ప్రోగ్రామ్ చెయ్యాల్సిన పని ఒకటే, మొత్తం ఫోల్డర్లన్నీ మళ్లీ మొదట్నుంచి చూసుకోవడం.

ఒకే రకం కబురు వెంటవెంటనే వచ్చి, మొదటిదాన్ని మనం ఇంకా చదవకపోతే, కెర్నెల్ రెండిటినీ ఒకటి చేసేస్తుంది. కాబట్టి చీటీలు లెక్కపెట్టి "ఇన్నిసార్లు రాశారు" అనడానికి వీల్లేదు.

నెట్‌వర్క్ ఫోల్డర్లతో జాగ్రత్త. వేరే మెషీన్‌లోని ఫోల్డర్‌ని మన మెషీన్‌లో మౌంట్ చేసుకున్నాం అనుకోండి. అక్కడ ఎవరో చేసిన మార్పు మన కెర్నెల్ చెయ్యి దాటి రాలేదు. దానికి తెలియంది అది ఎలా చెబుతుంది? అలాగే ఫైల్‌ని మెమరీలోకి మ్యాప్ చేసుకుని రాసే మార్పులకి కూడా కబురు రాదు.

వాచ్ పడేది పేరు మీద కాదు, ఐనోడ్ మీద. ఒక్క ఫైల్ మీద వాచ్ పెట్టామనుకోండి. కొన్ని ఎడిటర్లు సేవ్ చేసేటప్పుడు కొత్త ఫైల్ రాసి పాతదాని పేరు దానికి పెట్టేస్తాయి. పేరు అదే, ఐనోడ్ వేరు. మన వాచ్ పాతదాంతోనే పోతుంది. అందుకే ఫైల్ మీద కాకుండా అది ఉన్న ఫోల్డర్ మీద వాచ్ పెట్టడం మంచిది.

ఇది మాత్రం హాస్టల్లో అందరికీ ఎదురయ్యేదే. పెద్ద ప్రాజెక్ట్ తెరవగానే ఎడిటర్ "మార్పులు కనిపెట్టలేకపోతున్నా" అంటుంది. టెర్మినల్లో ఏమో "డివైస్‌లో ఖాళీ లేదు" అన్న ఎర్రర్. పాపం మావాడొకడు డిస్క్ నిండిందనుకుని సినిమాలన్నీ డిలీట్ చేశాడు. డిస్క్‌కి దానికి సంబంధం లేదు. ఒక్కో యూజర్‌కి ఎన్ని వాచ్‌లు ఉండొచ్చో ఒక హద్దుంది, అది దాటితే కెర్నెల్ ఇచ్చే ఎర్రర్ అది. పాత కెర్నెళ్లలో ఆ హద్దు 8192. 2021లో వచ్చిన 5.11 నుంచి మెషీన్ మెమరీని బట్టి 8192 నుంచి 10,48,576 దాకా కెర్నెలే నిర్ణయించుకుంటుంది. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్లో ఎన్ని వేల ఫోల్డర్లుంటాయో తెలిసిందే కదా, దాన్ని కనిపెట్టొద్దని ఎడిటర్‌కి చెబితే చాలాసార్లు గొడవ తీరిపోతుంది.

మనం చూడని వైపు

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. మా ఇంట్లో టీవీ పొద్దుట్నుంచీ ఆన్‌లోనే ఉంది. అందరం బ్యారేజీ అంకెలే చూస్తున్నాం. మర్నాటికి అక్కడ 11 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు వరద వచ్చింది. కానీ సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి వచ్చిన నీళ్లు కృష్ణవి కాదు, బుడమేరువి. కొల్లేటికి పోవాల్సిన వాగు గండ్లు పడి ఊళ్లోకి మళ్లింది. మా పిన్ని వాళ్లు మేడెక్కి మూడు రోజులున్నారు. మేమేమో బ్యారేజీ అంకె చూసి "కరకట్ట గట్టిగానే ఉందిగా, వాళ్లకి భయం లేదులే" అనుకున్నాం. కనీసం ఒక ఫోనైనా చెయ్యలేదు.

అంత పెద్ద కష్టాన్నీ నా చిన్న స్క్రిప్ట్‌నీ పక్కపక్కన పెట్టడం లేదు. రెండుసార్లూ నేను చేసిన పొరపాటు ఒకటే అని చెబుతున్నా. ఒకవైపు కాపలా పెట్టుకుని, అటునుంచి కబురు లేదు కాబట్టి అన్నివైపులా ఏమీ లేదనుకున్నా.

కబురు వస్తే వెళ్లి చూడు. కబురు రాకపోయినా అప్పుడప్పుడూ వెళ్లి చూడు. ఐనోటిఫై గురించి ఒక్క ముక్కలో చెప్పమంటే ఇంతే చెబుతా. మా తాతయ్యకి ఇది ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. లస్కరు నంబరు దొరికాక కూడా సైకిల్ అమ్మలేదు. రోజుకి నాలుగుసార్లు బదులు ఒక్కసారి, సాయంత్రం చల్లబడ్డాక, లాకు దాకా వెళ్లొచ్చేవాడు.

ఇప్పుడు మా స్క్రిప్ట్ కూడా అంతే. పగలంతా కెర్నెల్ కబుర్ల మీద నడుస్తుంది. ఓవర్‌ఫ్లో అయితే మొత్తం మళ్లీ చూస్తుంది. ఆగి మళ్లీ మొదలైనప్పుడు, నిద్రపోయినప్పుడు ఏమొచ్చాయో చూసుకుంటుంది. ఇవి కాక రోజూ రాత్రి పదింటికి ఫోల్డర్లన్నీ ఒకసారి తిరిగి, జాబితాతో సరిపోల్చి, తేడా ఉంటే మెసేజ్ పెడుతుంది.

ప్రోగ్రామ్‌తో పని లేని మార్పు కూడా ఒకటి చేశాం. గడువుకి రెండు రోజుల ముందు, అందిన రచనల జాబితా క్లబ్ గది తలుపుకి అంటిస్తున్నాం. మీరు పంపి, అందులో మీ పేరు లేకపోతే, మీ రచన బాగోలేదనుకుని ఊరుకోకండి. మాకు చేరలేదని అర్థం. వచ్చి అడగండి.

ఆ అమ్మాయికి లాగ్ మొత్తం చూపించి జరిగింది చెప్పాను. బొమ్మ కబురు దగ్గర నవ్వింది. "అయితే ఈసారి వేస్తారా?" అంది. అప్పటికే చదివాం. కథ ఈ సంచికలో ఉంది, బొమ్మతో సహా.